అగ్నిభయము - నూతన భవనములు

(ఒక పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



బెజవాడకు ఎండయు క్రొత్త గాదు, నిప్పును క్రొత్త గాదు. ఈ కృష్ణా డెల్టాలో తాటాకిండ్లు వరుస దీరియున్న కాలమున, ఒక్క యింట లేచిన రవ్వ వాడనంతటిని బూడిద చేసిపోవుటను మన తాతతండ్రులు కన్నులార చూచియున్నారు. వడగాలి లేచు వేళకు పొయ్యి యార్పుడని యింటి పెద్దలు హెచ్చరించుచుండెడివారు. గడ్డివామిని ఇంటికి ఎడముగ వేయుడని చెప్పుచుండెడివారు. ఆ కట్టుబాటును ఏ సర్కారును వ్రాసియిచ్చినది కాదు. ఇల్లెంత యెత్తని ఎవరును బద్ద పెట్టి కొలువలేదు. గాలి యెటు వీచుచున్నది, నీరెంత దూరమున నున్నది, లోపల పండుకొన్న వారెవరు, ముసలివారా, పసివారా, బాలెంతలా - ఇంతమాత్రమే వారి శాస్త్రము.

నేడు తాటాకు పోయి సిమెంటు వచ్చినది. కట్టుబాటు పోయి నియమావళి వచ్చినది. ఆ నియమావళి చేతికి మనమిచ్చినది కొలబద్ద. కట్టడము ఇన్ని మీటరులు దాటెనా, అగ్నిరక్షణ కావలెను. దాటలేదా, నీ పాట్లు నీవు పడుము. ఈ సాయంకాలము నేను మనవి చేయదలచినది ఒక్కటే. క్రొత్తగా కట్టు భవనములలో, మంటను తనంతట తానార్పు స్ప్రింక్లరును విధించునపుడు, ముందుగ చూడవలసినది కప్పు ఎంత యెత్తున నున్నదని గాదు. ఆ కప్పు క్రింద ఎవరు నిద్రింతురని.

దీనికి దూరపు దృష్టాంతము లక్కఱలేదు. 2020 ఆగస్టు 9వ తేదీ, ఆదివారము, తెల్లవాఱుజామున మన ఏలూరు రోడ్డులోని స్వర్ణ ప్యాలెస్ హోటలులో నిప్పు పుట్టినది. అది కోవిడు దినములు. ఒక ఆస్పత్రివారు రోగుల నుంచుటకై ఆ హోటలును తీసికొనియుండిరి. క్రింద పుట్టిన మంట, పొగయై మెట్లదారి వెంట పైకెక్కినది. పదిమంది ప్రాణములు పోయినవి. విద్యుత్తు తీగల లోపమే కారణమని నాడు అధికారులు చెప్పిరి. కారణ మేదియైనను, యోచింపవలసిన సంగతి మరియొకటి గలదు. ఆ కట్టడము హోటలుగా నున్న నాడును, రోగిశాలయైన నాడును దాని యెత్తు అంగుళమైనను పెరుగలేదు. కాని అపాయము ఎన్నిరెట్లు పెరిగెనో చూడుడు. హోటలులో దిగిన బాటసారి పొగవాసనకు లేచి పరుగెత్తగలడు. ఊపిరితిత్తులు చెడి మంచము పట్టినవాడు పరుగెత్తగలడా? కొలబద్ద ఈ భేదమును కనిపెట్టలేదు. దానికి కన్నులు లేవు.

అదే సంవత్సరము నవంబరులో గుజరాతులోని రాజకోటలో మరియొక కోవిడు ఆస్పత్రి కాలినది. సుప్రీంకోర్టు తానై ఆ విషయమును విచారణకు గైకొని, డిసెంబరు 18వ తేదీన కోవిడు ఆస్పత్రుల అగ్నిరక్షణను తనిఖీ చేయవలెనని రాష్ట్రముల నాజ్ఞాపించెను. ఇల్లు కాలునప్పుడు నుయ్యి త్రవ్వుట మనకు క్రొత్తగాదు. నుయ్యి త్రవ్వుమని చెప్పుటకు గూడ దేశమున అత్యున్నత న్యాయస్థానము కావలసివచ్చినది.

ఇక స్ప్రింక్లరన నేమి? దీనిని గూర్చి మనలో చాలమందికి సినిమాలు నేర్పిన జ్ఞానమే గలదు. కథానాయకుడు అగ్గిపుల్ల వెలిగించి పైకి పట్టినంతనే భవనమంతటను వాన కురియును, ప్రతినాయకుడు తడిసిపోవును. నిజమట్లు కాదు. లోకప్పు వెంట నీటి గొట్టములు వేయుదురు. ఆ గొట్టమునకు నడుమ నడుమ చిన్న మూతులుండును. ఒక్కొక్క మూతిని, చిటికెనవ్రేలి గోరంత గాజుబుడ్డి యొకటి బిగించి మూసియుంచును. ఆ బుడ్డిలో రంగుద్రవము. క్రింద మంట లేచి వేడిగాలి కప్పు నంటినంతనే ద్రవము వ్యాకోచించును, బుడ్డి పగులును, ఆ మూతి నుండి మాత్రము నీరు గొడుగువలె విచ్చి పడును. ప్రక్కగదిలో చుక్క రాలదు. దానిని ప్రేరేపించునది పొగగాదు, వేడిమి. పొగను కనిపెట్టి గంట మ్రోగించు పరికరము వేరు. అది మనుష్యుని లేపును గాని మంట నార్పదు. అగ్నిమాపక శకటము బందరు రోడ్డు రద్దీని చీల్చుకొని వచ్చులోపల, మంట ఇంకను పరుపుమీదనో తెరమీదనో యున్నపుడే దాని నడచివేయుట ఈ యంత్రపు పని. అగ్నిప్రమాదములలో పెక్కుమందిని చంపునది సెగ కాదు, పొగ. మంట చిన్నదైనచో పొగ చిన్నది.

ఈ యంత్రపు పుట్టువు విన దగినది. 1874లో అమెరికాలోని న్యూహేవను పట్టణమున హెన్రీ పార్మెలీ యనునతడు తన పియానో కర్మాగారమును కాపాడుకొనుటకు దీనిని అమర్చెను. ఫ్రెడరిక్ గ్రినెల్ దానిని మెఱుగుపరచెను. 1880వ దశకములో మాంచెస్టరులోని మాథర్ అండ్ ప్లాట్ కంపెనీ ఆ హక్కులు కొని ఆంగ్లదేశమున విక్రయింపసాగెను. కొనిన వారెవరు? నూలుమిల్లుల యజమానులు. ఏల కొనిరి? స్ప్రింక్లరు గల మిల్లునకు భీమా కంపెనీలు ప్రీమియము తగ్గించుచుండెను గనుక! పత్తిబేళ్లకు ఆనాడే కప్పు క్రింద కాపు దొరకినది. ఆ పత్తిని కుట్టి బట్టగ చేయువారికో? 1911 మార్చి 25న న్యూయార్కు నగరమున పదంతస్తుల భవనములో ట్రయాంగిల్ అను బట్టల కర్మాగారము కాలి 146 మంది, వారిలో అధికసంఖ్యాకులు పడుచు బాలికలు, మరణించిరి. యంత్రము లోకములోనికి వచ్చి అప్పటికి ముప్పదియేడేండ్లు. ఆ భవనమున స్ప్రింక్లరు లేదు. సరకునకు భీమా గలదు గనుక సరకు నెంచువారుండిరి. మనుష్యుల నెంచువారు ఆ చావుల తరువాత గాని మేల్కొనలేదు.

మన చట్టము సంగతికి వత్తము. ఉమ్మడి రాష్ట్రమున 1999లో అగ్నిమాపక సేవల చట్టము చేసిరి. దాని 13వ విభాగము ప్రకారము, వాణిజ్య భవనము 15 మీటరులు మించినను, నివాస భవనము 18 మీటరులకు చేరినను, కట్టకమునుపే అగ్నిమాపక శాఖవారి నిరభ్యంతర పత్రము పొందవలెను. పాఠశాలలు, సినిమాశాలలు, కల్యాణమండపములు, మతమందిరములు వంటి జనసమ్మర్ద స్థానములకు 500 చదరపు మీటరుల స్థలమో, 6 మీటరుల యెత్తో హద్దుగ పెట్టిరి. చట్టము వ్రాసిన వారిని నేను తూలనాడను. ఎత్తు మాత్రమే చాలదని వారికి తోచినందుననే ఈ రెండవ మాట వ్రాసిరి. కాని వారు పేర్కొన్న చోట్లలో జనులు మేలుకొని గుమిగూడుదురు. లాడ్జి పేరు లేదు, హాస్టలు పేరు లేదు, ఆస్పత్రి పేరు లేదు. 'వంటి' యను మాటలో వీనిని ఇఱికింప వచ్చునని న్యాయవాదు లనవచ్చును. ఇఱికించిన గాని పట్టని దానిని, వలదనుకొన్నవాడు సులభముగనే వెలికి నెట్టగలడు.

జాతీయ భవన నిర్మాణ కోడు అను గ్రంథ మొకటి గలదు. 1970లో వెలువడి, 1983లోను, 2005లోను, 2016లోను సవరింపబడినది. దాని నాల్గవ భాగము అగ్నిరక్షణమును గూర్చినది. అందు భవనములను వాడుకనుబట్టి వర్గములు చేసి, ఎత్తును, వైశాల్యమును కూడ చూచి, దేనికి స్ప్రింక్లరు కావలెనో దేనికి అక్కఱలేదో పట్టికలు వేసిరి. అనగా మన పూర్వుల ప్రశ్న ఆ గ్రంథములో గలదు. లోప మెచ్చట? కోడు తనంతట శాసనము గాదు. రాష్ట్ర నియమముల ద్వారమున నడచినప్పుడే దానికి బలము. ఆ ద్వారమునకు కావలియున్నది ఎత్తు. ఆ కోడు 15 మీటరులకే ఎత్తైన భవనమనుచుండగా, మన 2012 నాటి భవన నియమములు 18 మీటరులన్నవి. హద్దునకు జానెడు దిగువన ఆగిన కట్టడమును అగ్నిమాపక శాఖ పలుకరింపదు. పలుకరింపని చోట పట్టికలో ఏమి వ్రాసియున్న నేమి? హద్దును ఎగువకు జరిపినను దిగువకు జరిపినను ఈ చిక్కు తీరదు. హద్దు ఎచ్చట నున్న అచ్చటనే కట్టుబడివారి గోడ ఆగును. స్టిల్టుమీద అయిదంతస్తులు వేసి నిలిచిన కట్టడములను మన పటమటలోను సత్యనారాయణపురములోను లెక్కించి చూడుడు.

హైదరాబాదు నడుగుడు. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో క్రింద విద్యుద్వాహనముల అంగడి, పైన లాడ్జి గల భవనమున నిప్పంటుకొని ఎనిమిదిమంది చనిపోయిరి. 2025 మే 18న పాతబస్తీలోని గుల్జారుహౌసు నొద్ద, క్రింద దుకాణములు, పైన కాపురము గల ఒక యింట పదునేడుగురు, పసిపిల్లలతో సహా, అసువులు బాసిరి. ఈ రెండవది ఆకాశహర్మ్యము గాదు. ఏ కొలబద్దకును అందని మామూలు పాతయిల్లు. మన వన్‌టౌనులో, క్రింద బట్టల కొట్టును పైన సంసారమును గల యిండ్లు ఎన్ని గలవో, పఠనమందిరమునకు వచ్చు మీకు నేను చెప్పవలసినది లేదు. పాతయింటికి క్రొత్త నియమము తగులదన్నది నిజమే. ఇరుకు సందులలోని పాతకట్టడములకు చికిత్స వేరు: తీగలు మార్చుట, రెండవ దారి తెఱచుట. కాని అదే స్థలమున పాతది పడగొట్టి క్రొత్తది లేపునపుడు, క్రింద కొట్టు పైన పడక అను ఏర్పాటు మరల అట్లే లేచుచున్నది. ఆ క్షణమున అడుగకపోయినచో ఇక నూఱేండ్లు అడుగలేము.

ఆంగ్లదేశమువారు ఈ పాఠమును ఎంత వెల పెట్టి నేర్చుకొనిరో చెప్పెదను. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు కాలి డెబ్బదిరెండుగురు మరణించిరి. అంతవఱకు క్రొత్త ఫ్లాట్ల భవనము 30 మీటరులు మించిన గాని స్ప్రింక్లరు అక్కఱలేదన్నది అచ్చటి నియమము. 2020లో దానిని 11 మీటరులకు దింపిరి. ముప్పదిలో లేని అపాయము పదునొకటిలో ఎచ్చటనుండి వచ్చినది? ఎత్తు సంఖ్యలు లోకమున ఎంత యిచ్ఛానుసారములో దీనివలననే తెలియును. తరువాత వారు ఇంకొక యడుగు వేసిరి. 2025 మార్చి నుండి, వృద్ధులును అశక్తులును వసించు క్రొత్త సంరక్షణాలయమునకు, అది ఒంటి అంతస్తుదైనను సరే, స్ప్రింక్లరు తప్పనిసరి యనిరి. ఎత్తు మాటయే లేదు. పండుకొనువాడు లేచి పరుగెత్తగలడా లేడా యన్నదే మాట. మన డెల్టా ముసలమ్మ అడిగిన ప్రశ్నకు ఇంతదూరము పోయి వచ్చినారు.

స్థానికముగ చేయవలసిన నియమము స్థానికముగనే ఏల చేయవలెనో మూడు సంగతులు చూపెదను.

మొదటిది ఎండ. ఆంగ్లము చదివినవారు మన యూరిని బ్లేజువాడ యని పరిహసించుట మీరెఱుగుదురు. గాజుబుడ్డి ఏ వేడికి పగులవలెనో దాని రంగే చెప్పును: నారింజకు 57 డిగ్రీలు, ఎఱుపునకు 68, పసుపునకు 79, ఆకుపచ్చకు 93. గదిలో ఉండదగిన పరమోష్ణము కంటె సుమారు ముప్పది డిగ్రీలు ఎక్కువదానిని ఎన్నుకొనవలెనన్నది శాస్త్రము. చలిదేశములలో ఎఱుపు చాలును. ఎండాకాలమున 45 డిగ్రీలు చూచు బెజవాడలో, డాబా వేడికి కాగు పై అంతస్తునకు పసుపే తగును. ఢిల్లీలో అచ్చొత్తిన ఒక్క వాక్యము సిమ్లాకును బెజవాడకును సరిపడదు. అమెరికాలో స్కాట్స్‌డేల్ అను ఎడారి పట్టణము 1985లోనే, రాష్ట్రము కొఱకు ఎదురుచూడక, క్రొత్త గృహములన్నిటికిని స్ప్రింక్లరు విధించుచు తన పురశాసనమును తానే చేసికొనెను. అదియు మనవలె మండు ఊరే.

రెండవది వఱద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగరు దినముల తరబడి నీట మునిగినది. అగ్నిమాపక పంపును సెల్లారులో పెట్టుట కట్టుబడివారికి అలవాటు. అచ్చట స్థలమునకు వెలలేదు గదా. సెల్లారు నిండిన నాడు ఆ పంపు గతి యేమి? ఊరినిండ నీరు, గొట్టములో నీరులేమి. కృష్ణయొడ్డున, కాలువల నడుమ, చవుడు నేలమీద కట్టు మనము పంపును వఱద యందని గట్టుమీద పెట్టవలెనని, డాబామీది తొట్టిలో కొంత నీరు ఎల్లప్పుడును దీనికే విడిగ నుంచవలెనని వ్రాసికొనవలదా? 

మూడవది కరెంటు. నిప్పంటినపుడు మొదట తీయునది కరెంటు. కరెంటుతో మాత్రమే నడచు పంపు ఆ వేళ మూగవోవును. డీజిలు పంపో, పైతొట్టి నుండి దిగు నీరో ఉండితీరవలెను.

ఆక్షేపణలు నేనెఱుగని వాడను గాను. ఖర్చు అన్నది మొదటిది. గోడలు లేచి లోకప్పు వేసిన పిదప గొట్టములు దూర్చుట మిక్కిలి ఖర్చే. పునాదినాడే పటములో గీచుకొన్నచో భారము ఎంతో తగ్గును. క్రొత్త భవనముల కనుట అందులకే. అంతేగాక, లాడ్జిలో చలువరాతినేలకు, అద్దాల ముఖద్వారమునకు, దీపాల గుత్తులకు లేని లేమి నీటిగొట్టమునకు మాత్రము ఏల వచ్చును? ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినవాని కథ మనవారు ఊరక కల్పింపలేదు.

రెండవ ఆక్షేపణ బలమైనది. నియమము పెరిగిన కొలది తనిఖీదారు పెరుగును, తనిఖీదారుతో చేతితడి పెరుగునని పెద్దలనుచున్నారు. కాదనను. పత్రము గోడకు వ్రేలాడుచుండ తొట్టి యెండియుండుట, పై చూపునకు గొట్టములుండి కవాటము మూసియుండుట, ఇవి లేవని చెప్పగల ధైర్యము నాకు లేదు. కాని దీనికి మందు నియమమును మానుట గాదు, తనిఖీని బట్టబయలు చేయుట. పంపును ఏనాడు నడిపిరి, తొట్టిలో ఎంత నీరున్నది, కవాటము తెఱచియున్నదా - ఈ మూడు మాటలు తేదీతో తెలుగున వ్రాసి భవనద్వారమున కట్టవలెను. దానిని చదువుట కింజనీరు అక్కఱలేదు. దిగవచ్చిన బాటసారి చదువును, బిడ్డను చేర్పవచ్చిన తండ్రి చదువును.

మూడవ మాట నాదే. వేల్సు దేశమువారివలె ప్రతి క్రొత్త యింటికిని స్ప్రింక్లరు పెట్టుమని నేననను. రెండు వాకిళ్లు, నాలుగు కిటికీలు గల ఒంటరి యింట కాపురమున్నవాడు తీగలు మంచివి వేయించి, గ్యాసుగొట్టమును కాలమునకు మార్చిన చాలును. నియమము అందరిమీద పడినచో ఎవరిమీదను నిలువదు. పరులు పరులను నమ్మి నిద్రించుచోటనే దానిని బిగింపవలెను: లాడ్జి, హాస్టలు, ఆస్పత్రి, వృద్ధాశ్రమము, అంగడిమీది కాపురము. వాడుక మారిన నాడు, అనగా హోటలు ఆస్పత్రియైన నాడు, అపార్టుమెంటు హాస్టలైన నాడు, దానిని క్రొత్త భవనముగనే యెంచి మరల అనుమతి గొనవలెనని చేర్పవలెను. ఏలూరు రోడ్డు ఘోరమునకు తగిన వాక్యమిది.

హాస్టలు మాట యెత్తితిని గనుక ఒక్క క్షణము నిలిచెదను. ఇంటరు చదువులకు బెజవాడ పేరు దేశమెల్ల మ్రోగుచున్నది. గూడవల్లి, నిడమానూరు, పోరంకి, పెనమలూరు - ఈ చుట్టుప్రక్కల హాస్టళ్లలో రాష్ట్రము నలుమూలల బిడ్డలు పండుకొనియున్నారు. పొలముమీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన రైతుబిడ్డలు పెక్కుమంది. కిటికీలకు ఇనుపకమ్ములు, రాత్రి గేటునకు తాళము, ఇవి క్రమశిక్షణ పేరిట జరుగుచున్నవి. ఎన్ని మార్కులు వచ్చునని అడుగు తండ్రి, ఎన్ని దారులున్నవని అడుగుట లేదు. 2004 జూలై 16న తమిళదేశమున కుంభకోణములో ఒక పాఠశాల కాలి తొంబదినలుగురు పిల్లలు చనిపోయిరి. వంటశాల నిప్పు, పూరి కప్పు. పట్టపగలు, పిల్లలు మేలుకొనియున్న వేళ! రాత్రి రెండు గంటలకు ఏమి జరుగునో వేరుగ చెప్పవలెనా?

ఇది ఎవరు చేయవలెను? 1992లో చేసిన డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము, పండ్రెండవ షెడ్యూలులో పురపాలకములకు చెందదగిన పదునెనిమిది విషయములను పేర్కొన్నది. వానిలో ఏడవది అగ్నిమాపక సేవ. కాగితముమీద అది మన ఊరి సొత్తు. ఆచరణలో రాష్ట్ర శాఖ దానిని నడుపుచున్నది, కార్పొరేషను కట్టడమునకు అనుమతి నిచ్చుచున్నది. ఇద్దరి నడుమ గల సందులోనే మంట కాపురముండును. 1888లో పురపాలక సంఘముగ పుట్టి, 1981లో కార్పొరేషనైన ఈ నగరము, నిద్రాస్థానములకు నేను చెప్పిన నియమమును కోరుచు తీర్మానము చేసి రాష్ట్రమునకు పంపలేనంత బలహీనమైనదా? నది కావలిగట్టున అమరావతి పనులు 2025 మే నెలలో మరల ఆరంభమైనవి. అచ్చట ఇంకను లేవని గోడలు వేలకొలది గలవు. గోడ లేవకముందు పటముమీద గీటు గీచుట సులభము.

తీర్మానము వచ్చులోపల మనము చేయదగినది యొకటి గలదు. జూన్ నెలలో కళాశాలలు తెఱచును. బిడ్డను చేర్పబోవు తండ్రులు కార్యాలయములో అడ్వాన్సు చెల్లింపకమునుపు డాబా యెక్కి తొట్టిలోనికి తొంగిచూడవలెను. పంపు ఎచ్చటనున్నదో చూపుమని అడుగవలెను. రాత్రి తాళపుచెవి ఎవని మొలను ఉండునో పేరడిగి వ్రాసికొనవలెను. చూపనన్నవానికి రశీదు వ్రాయు పని పెట్టక వెనుదిరిగి రావలెను.